డాంగిల్ తెప్పించాడట

రేస్ ట్రాక్ మీద కారు ఎట్లా నడిచిందో రాసిపెట్టే లాగర్ బాక్సు కొనుక్కోమంటే బామ్మర్ది మళ్లీ మొదలుపెట్టాడు. "బావా, గంత పైసలు పెట్టి బాక్సెందుకు? ఫోనున్నది, ఓబీడీ డాంగిల్ తెప్పిచ్చిన, సాల్దా?" బండి కంప్యూటర్ లెక్కలు చదవడానికి బండి సాకెట్‌లో గుచ్చే బిళ్ల అది. జడ్చర్ల దాటని బండేసుకుని మద్రాస్ రేస్ ట్రాక్ గురించి ఇంత ధీమా! అప్పుడు ఊఁ కొట్టి ఊరుకున్నాను గానీ నిద్ర పడితేనా.

సాలదు. చాలా ఫోన్లలో జీపీఎస్ సెకనుకు ఒక్కసారే స్థానం ఇస్తుంది. గంటకు 180లో పోయే బండి ఆ సెకనులో 50 మీటర్లు దాటేస్తుంది. బ్రేకు తొక్కిన చోటు ఆ 50 మీటర్లలో ఎక్కడైనా ఉండొచ్చు. 10 హెర్ట్జ్, అంటే సెకనుకు పదిసార్లు స్థానం చెప్పే జీపీఎస్ రిసీవరైతే చుక్కకూ చుక్కకూ మధ్య 5 మీటర్లు, రేస్‌బాక్స్ మినీ లాంటి 25 హెర్ట్జ్‌దైతే 2.

వాడి దోస్తు ఫైలు ఒకటి తెచ్చి చూపించిన రోజు గుర్తొచ్చింది. వేగం గీత నున్నగా, చూడముచ్చటగా ఉంది. "చూడు బావా, మలుపుల గూడ ఎంత స్పీడున్నదో" అని ఒకటే మురిపెం. గీత తీసేసి ఉత్త చుక్కలే చూపించమంటే, మలుపు మొత్తానికి మూడే మూడు! అసలు కనీస వేగం రెండు చుక్కల మధ్య జారిపోయింది. మిగతాదంతా యాప్ సొంతంగా పూరించిన గీత. జీ-ఫోర్స్ (బ్రేకులో, మలుపులో ఒంటిని నెట్టే బలం) అంకెలూ అంతే. ఫోను రబ్బరు స్టాండులో ఊగుతుంటే ఆ ఊగుడు కూడా లెక్కలో కలిసిపోయింది. బండి ఒంటికి కదలకుండా బిగించని సెన్సరు లెక్క నమ్మొద్దు. ఆ మాటంటే దోస్తుకు కోపమొచ్చి, చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు.

ఇక డాంగిల్. పెట్టె మీద 'ఈఎల్ఎం327 వెర్షన్ 1.5' అని ఉందట, గొప్పగా చదివి వినిపించాడు. ఆ చిప్ తయారుచేసిన ఎల్మ్ వాళ్లు 1.5 అనే వెర్షనే విడుదల చేయలేదు! నకిలీ అని పెట్టె మీదే అచ్చేసి అమ్ముతున్నారు, జనం కొంటున్నారు. పోనీ అసలుదే అనుకుందాం. ఓబీడీలో ఒక్కో విలువ అడిగితేనే వస్తుంది. సెకనుకు పది జవాబులిచ్చే డాంగిల్‌ను ఒక్కోటిగా ఐదు విలువలడిగితే ఒక్కోదానికి దక్కేది సెకనుకు రెండు. క్యాన్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల వ్యవస్థ) ఉన్న బండ్లలో ఒకే ప్రశ్నలో ఆరింటి దాకా అడగొచ్చు గానీ, నకిలీలు చాలావాటికి అదీ చేతకాదు. వేగం పూర్ణాంకాల్లోనే వస్తుంది, దశాంశం ఉండదు. థ్రాటిల్ అని అందరూ పెట్టుకునే 11వ నంబరు పీఐడీ (ఓబీడీలో ఒక్కో విలువకు ఉండే కోడ్) ఇంజన్ దగ్గరి పలక ఎంత తెరుచుకుందో చెబుతుంది, కాలు ఎంత నొక్కిందో కాదు. ఈ కాలం బండ్లలో ఆ రెండూ ఒకటి కావు. కాలు సంగతి కావాలంటే 49 చూడాలి, అదీ బండి ఇస్తేనే. బ్రేకు ప్రెషర్ మామూలు ఓబీడీ జాబితాలోనే లేదు. అది కావాలంటే బండి క్యాన్ తీగల మీద నడిచే సందేశాలు వినే లాగర్ ఉండాలి, ఎయిమ్ సోలో 2 డీఎల్ తరహాది.

ఆ సోలోనే కొనిపిద్దామనుకుంటూ ఇంతదాకా రాశాను. కానీ వీడి బండికి అదెందుకు? బ్రేకు ఎక్కడ పడిందో, మలుపులో ఎంత తగ్గాడో, గ్యాసు ఎప్పుడిచ్చాడో జీపీఎస్ వేగం గీత వంపులోనే కనబడతాయి. ఫోను ఉండనీ. రేస్‌క్రోనో అనే ల్యాప్ టైమర్ యాప్ వేసి, బ్లూటూత్‌లో 10 హెర్ట్జ్ రిసీవరో, ఇంకొంచెం పెట్టగలిగితే 25దో కలుపుకుంటే మొదటేడాదికి దండిగా చాలు. డాంగిల్ తిప్పి పంపేయాలి. పంపకపోతే కనీసం ఇంటికొచ్చాక పీకేయాలి. ఆ సాకెట్ 16వ పిన్నుకు తాళంచెవి తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది, డాంగిల్ బ్యాటరీ తాగేస్తుంది.

రిసీవర్‌ను డ్యాష్‌బోర్డు మీద ఆకాశం కనబడేచోట గట్టిగా అతికించాలి. లోహపు పూత సన్‌ఫిల్మ్ ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, అప్పుడు టాప్ మీద యాంటెన్నానే మేలు. ట్రాక్ మీదికి పోయే ముందు ఐదు నిమిషాలు బయట ఆన్‌లో పెట్టాలి. ఫోనుకు ఎండ తగలకూడదు. మన పాలమూరు ఎండలో అద్దం వెనక వీడియో తీస్తుంటే అది వేడెక్కి ఆగిపోతుంది.

రెండు ల్యాపులు ఒకదాని మీదొకటి పెట్టి, టైము తేడా గీత ఏ మలుపు దగ్గర లేచిందో వాడు మొదటిసారి చూసుకునేటప్పుడు నేను పక్కనుండాలి. టైరు ప్రెషర్ మాత్రం ఈ సరంజామా ఏదీ రాయదు. ప్రతి సెషన్ నుంచి రాగానే, చల్లారకముందే కొలిచి నోట్‌బుక్కులో ఎక్కించాలి. గేజ్ ఉందా వీడి దగ్గర? పొద్దున అడగాలి.