మా నాన్న గల్లాలో చెల్లని రూపాయి

విజయనగరం గంటస్తంభం దగ్గర మా నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉంది. సిరిమాను పండగ వెళ్లిన మర్నాడు గల్లాపెట్టె బోర్లించి చిల్లర లెక్కపెట్టడం చిన్నప్పటి నుంచీ నా డ్యూటీ. ఒక ఏడాది అలా లెక్కపెడుతుంటే స్టీలు రూపాయి ఒకటి చేతికి తగిలింది, అంచు దగ్గర నెలవంకలా ఎవరో కొరికేసినట్టు. నాన్నకి చూపిస్తే "ఏట్రా ఇది, ఎవుడో కత్తిరించేసి మనకి అంటగట్టీసినాడు, సెల్లదు, పక్కన పడీ" అన్నారు. పక్కన పడేశాను గానీ పారెయ్యలేదు, బోర్న్‌విటా డబ్బాలో వేసి దాచాను.

చాలా ఏళ్లకి తెలిసింది, దాన్ని ఎవరూ కత్తిరించలేదని, టంకశాలలోనే అలా పుట్టిందని. ఇలా టంకశాలలో తప్పుగా తయారైన నాణేలు ఏరుకునే పిచ్చి అప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

ఇంట్లో పూరీలు ఎక్కువ చెయ్యాల్సొస్తే అమ్మ పిండంతా ఒకటే పెద్ద రొట్టెలా పరిచి డబ్బా మూతతో గుండ్రంగా కోసేస్తుంది కదా, నాణేలకి కోసే బిళ్లలూ అంతే. పొడవాటి లోహపు రేకు మిషన్‌లోకి జరుగుతూ ఉంటుంది, పైనుంచి పంచ్ దిగి బిళ్లలు కోస్తుంది. రేకు సరిగ్గా జరగకపోతే అంతకుముందు కోసిన కంత మీదే పంచ్ మళ్లీ కాస్త పడుతుంది, అప్పుడొచ్చే బిళ్లకి ఆ కంత మేరకి నెలవంక పోతుంది. తర్వాత దానికి అంచు లేపుతారు, కాల్చి మెత్తబరుస్తారు, కడుగుతారు, చివరికి రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క పోటు.

మరి ఆకురాయితో అరగదీసిన దాన్నీ అసలుదాన్నీ ఎలా కనిపెట్టాలి? కొరుకుకి సరిగ్గా ఎదుటి అంచు చూడాలి. అంచు లేపే మిషన్ బిళ్లని రెండు వైపుల నుంచీ నొక్కుతూ దొర్లిస్తుంది, ఒక వైపు లోహమే లేకపోతే ఎదుటి వైపుకీ ఒత్తిడి అందదు, అక్కడ అంచు సరిగ్గా లేవదు, పల్చబడిపోతుంది. ఇంట్లో కూర్చుని అరగదీసేవాడికి ఈ సంగతి తెలిసినా చెయ్యడం కష్టం. నా రూపాయికి ఆ పల్చదనం ఉంది! పక్కనున్న బంగారం కొట్లో తూకం వేయించాను, ఉండాల్సింది 4.85 గ్రాములు, తూగింది 4.4. సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంది కాబట్టి హైదరాబాద్ టంకశాలది. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

తప్పుల్లో నాకు బాగా నచ్చేది మాత్రం లఖీ. లక్షలో ఒకటని నాణేల వ్యాపారులు పెట్టుకున్న పేరు, ఇంగ్లీషులో బ్రాకేజ్ అంటారు. కొట్టిన నాణెం బయటికి రాకుండా ఒక అచ్చుకి అంటుకుపోతుంది, దాని కిందకి కొత్త బిళ్ల వచ్చేస్తుంది, అప్పుడు ఆ నాణెమే అచ్చయి కూర్చుంటుంది. ఫలితం ఏంటంటే, ఒక పక్క సింహాలు మామూలుగా ఉబ్బెత్తుగా ఉంటాయి, రెండో పక్కా సింహాలే, కాకపోతే లోపలికి గుంటపడి అద్దంలో బొమ్మలా తిరగబడి. బొమ్మా బొరుసా వేస్తే ఎప్పుడూ బొమ్మే.

అచ్చు పగిలితే వచ్చేది గీత. ఆ పగులులోకి లోహం దూరుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బి ఉంటుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. గుంటగా ఉంటే అది జేబులో తాళాలు చేసిన పని, దానికి ఆశపడొద్దు. అచ్చు వదులై తిరిగిపోయినవీ ఉంటాయి. మన రూపాయిని పుస్తకంలో పేజీలా తిప్పితే రెండో వైపు కూడా నిటారుగా ఉండాలి, పక్కకి ఒరిగి ఉంటే దాచుకోండి.

మా ఫ్రెండొకడు అడిగాడు, తప్పులో అంత ముచ్చటేంట్రా అని. చేత్తో కొట్టిన రోజుల్లో అచ్చు పక్కకి పోవడం మామూలే. ముఖలింగం నుంచి ఏలిన గంగరాజుల ఫణాలు చూడండి, చిటికెన వేలి గోరంత బంగారు బిళ్ల, నంది సగం బయటికి పోయున్నా ఎవరూ ఆశ్చర్యపోరు. అదే మిషన్ కొట్టే నాణెంలో లక్షలు ఒకేలా వచ్చి ఒకటి మాత్రం తప్పడం, దాన్ని తనిఖీ చేసేవాళ్ల కళ్లుగప్పి బయటపడి, బ్యాంకు సంచిలోంచి, ఆటోవాళ్ల జేబుల్లోంచి, చేపల బజారు మీదుగా మా గల్లాలోకి రావడం, అదీ నాకు థ్రిల్లు. ఆ మిషన్ తడబడిన ఆ ఒక్క క్షణం నా అరచేతిలో ఉన్నట్టు ఉంటుంది.

డబ్బొస్తుందా అంటే, కొన్నిటికి వస్తుంది, చాలావాటికి పెద్దగా రాదు. ఫలానా నాణేనికి పది లక్షలు అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. ముందు ఫీజు కట్టమన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి, రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా అడుగుతున్నారని 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది.

నాన్న ఇప్పుడు నాకంటే ముందే చూస్తున్నారు. మొన్న ఫోన్ చేసి "ఒరే, ఐదు రూపాయల బిళ్ల దొరికింది, మొత్తం అప్పడంలాగ అయిపోయింది, పెద్ద రేటొస్తాదేమో" అన్నారు. వెళ్లి చూస్తే, ఎవరో పిల్లలు రైలు పట్టాల మీద పెట్టినది. ఆ మాట చెప్పినా వినకుండా దాన్ని కూడా బోర్న్‌విటా డబ్బాలోనే వేశారు.