ఆ పద్యం పాడలేదేమిటి?

పదకొండున్నర దాటింది. ఈయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళి పడుకున్నారు. ఈ వేళప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నానంటే నాకు కోపం వచ్చిందని ఆయనకు తెలుసు.

నాటకం చూసి వస్తుంటే, ఆటో మాసాబ్‌ట్యాంక్ దాటుతుండగా అత్తయ్య అడిగారు, "అమ్మాయీ, కృష్ణుడు ఆ పద్యం పాడలేదేమిటి? నేను గానీ కునుకు తీశానా?" అని. ఆవిడ రెప్ప వేయలేదు. పాడేందుకు వాళ్ళకు సమయం మిగల్లేదు, అంతే. ఆ మాట చెప్పలేక "ఏమో అత్తయ్యా" అన్నాను. అదే గుచ్చుతోంది.

రవీంద్రభారతిలో ఆరింటికి పద్యనాటకం అన్నారు. ఆ మోకాళ్ళతో ఆవిడ అయిదున్నరకే వచ్చి కూర్చున్నారు. ముందు సభ. వేదిక మీద పదకొండు కుర్చీలు. "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అన్న ప్రతి ఒక్కరూ పావుగంటకు తక్కువ మాట్లాడలేదు. ఆపైన శాలువాలు, జ్ఞాపికలు, ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ కప్పిన శాలువాలు. తెర లేచేసరికి ఎనిమిదిన్నర. కృష్ణుడి వేషధారి కిరీటంతో సహా పక్కతెర చాటున నిలబడి ఉండటం మా వరుసకు కనబడుతూనే ఉంది. రంగు చెదురుతుందని నీళ్ళు కూడా స్ట్రాతో తాగుతున్నారు. చివరికి రాయబార ఘట్టాన్ని సగానికి కోసేశారు.

నాన్న ఉంటే లేచి నిలదీసేవారు. నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళింది ఆయనే. నాకు తొమ్మిదేళ్ళు. సురభి వారి నాటకం. లక్డీకాపూల్‌లో బస్సు దిగి నడుస్తూ, అది ఠాగూర్ శతజయంతికి కట్టిన భవనమని, 1961 మే 11న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారని చెప్పారు. నేను వింటేగా! లోపల ఘటోత్కచుడు నోరు తెరవగానే పళ్ళెంలోని లడ్లు గాలిలో తేలుతూ వెళ్ళి ఆయన నోట్లో పడ్డాయి. కుర్చీ ఎక్కి నిలబడ్డాను. వెనకవాళ్ళు కేకలేశారు.

నాటకం అయ్యాక నాన్న నన్ను తెర వెనక్కి తీసుకెళ్ళారు. శశిరేఖ నగలు తీయకుండానే చంటిబిడ్డకు పాలిస్తోంది. నాకంటే చిన్న కుర్రాడు ఒక చెక్కముక్కకు నల్లదారం చుడుతున్నాడు. "దారం కనబడిందా?" అని అడిగాడు. లేదన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడిన కుటుంబం తరతరాలుగా ఇదే పని చేస్తోందని, ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో వీళ్ళింటి ఆడవాళ్ళు వేదిక ఎక్కారని నాన్న బస్సులో చెప్పారు. నేను దారం గురించే ఆలోచిస్తున్నాను.

ఆ రోజు నాన్న టికెట్లు కొన్నారు. ఇది రాస్తుంటేనే తట్టింది. ఈరోజు మేము కొనలేదు. ఆహ్వానపత్రం మీద "అందరూ ఆహ్వానితులే" అని ఉంది. మరి హాలు అద్దె, మైకు, లైట్లు, నటుల దారిఖర్చులు ఎవరు పెట్టుకున్నట్టు? ఆ పదకొండు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే కొందరు ఇచ్చి ఉంటారు. డబ్బిచ్చినవారికి మైకు ఇవ్వక తప్పదు. ఈ నగరంలో అరంగేట్రం నుంచి సంతాపసభ దాకా ఆ వేదిక మీద జరిగే ఎన్నిటికో వెళ్ళాను. రూపాయి పెట్టి వెళ్ళినవి వేళ్ళమీద లెక్కించవచ్చు.

పైగా ఆఖరి శాలువా హార్మోనిస్టుకు. పెద్దాయన. మూడో వరుసలో ఆయన భార్య లేచి నిలబడ్డారు. "నమస్కారం. శ్రుతి చూసుకోవాలి" అని, ఆ పెద్దాయన వెంటనే వెళ్ళి హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నారు. ఆ ఒక్క సన్మానం ఎంతసేపు జరిగినా నాకు కోపం వచ్చేది కాదు.

అయినా నాటకం ముందు వేసి, సన్మానాలు తరువాత పెట్టుకోవచ్చు కదా? జనం ఉండరని భయం. నిజమే, నేనే ఉండను, అత్తయ్య చేయి పట్టుకుని వచ్చేసేదాన్ని. అప్పుడు ఆ హార్మోనిస్టుకు చప్పట్లు కొట్టేదెవరు? తోచడం లేదు. కోపం మాత్రం సగమే తగ్గింది. కిరీటం బరువుతో ఆ మనిషి అంతసేపు నిలబడ్డారు, నేర్చుకున్న పద్యం పాడకుండానే ఇంటికి వెళ్ళారు.

అత్తయ్య దగ్గు వినిపించింది, మెలకువగానే ఉన్నారు. మోకాళ్ళకు నూనె రాయడం మరిచిపోయాను. వెళ్ళి రాస్తూ, మీరు కునుకు తీయలేదని చెప్పేస్తాను.