అఓజోరా బుంకో ఫైళ్లు టెర్మినల్‌లో: పని ఎంతవరకు వచ్చింది

అఓజోరా బుంకో 1997 నుంచి నడుస్తున్న జపనీస్ డిజిటల్ గ్రంథాలయం. కాపీరైటు తీరిన రచనలను ఉచితంగా ఇస్తుంది. టెక్స్టు ఫైళ్లు జిప్‌లో, షిఫ్ట్-జిస్ ఎన్‌కోడింగ్‌లో (జపనీస్ అక్షరాలను బైట్లుగా రాసే పాత పద్ధతి) ఉంటాయి. లినక్స్ టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) మాత్రం యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) అనుకుని చదువుతుంది. అందుకే ఫైలును తెర మీద చూపే క్యాట్ ఆదేశం కొట్టగానే తెర నిండా ప్రశ్నార్థకాలున్న నల్ల డైమండ్లు. ఈ దశలో చాలామంది ఫాంటు మారుస్తారు, లొకేల్ (భాష సెట్టింగు) మారుస్తారు. రెండూ వృథా. ఫాంటు లేకపోతే వచ్చేవి ఖాళీ డబ్బాలు, డైమండ్లు కావు.

మొదటి దశ, బైట్లు చూడడం: పూర్తయింది

హెడ్ ఆదేశంతో మొదటి 64 బైట్లు తీసి, బైట్లను హెక్సాడెసిమల్ అంకెల్లో చూపే ఎక్స్‌ఎక్స్‌డీకి పంపితే విషయం తేలిపోతుంది. హిరగానా (జపనీస్ లిపుల్లో ఒకటి) 'అ' షిఫ్ట్-జిస్‌లో 82 ఏ0, మరో జపనీస్ ఎన్‌కోడింగ్ ఈయూసీ-జేపీలో ఏ4 ఏ2, యూటీఎఫ్-8లో ఈ3 81 82. ఐఎస్‌ఓ-2022-జేపీ అనే మూడో జపనీస్ ఎన్‌కోడింగ్‌లో ఎస్కేప్ వరసల (లిపి మారిందని చెప్పే సంకేతాల) మధ్య 24 22. 24 అంటే డాలరు గుర్తు కాబట్టి తెర మీద డాలరు గుర్తులు వరసకట్టి కనిపిస్తాయి.

కొంత అలవాటైతే బైట్లు కూడా అక్కర్లేదు, చెత్తను చూసే చెప్పొచ్చు. ఎడమపక్క దారం గుర్తున్న కంజీలు (చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు) పదేపదే వస్తుంటే అది షిఫ్ట్-జిస్ అనుకుని తెరిచిన యూటీఎఫ్-8. సగం వెడల్పు కటకానా (మరో జపనీస్ లిపి) గుంపులుగా వస్తే షిఫ్ట్-జిస్ అనుకుని తెరిచిన ఈయూసీ. మన తెలుగు ఫైలు లాటిన్-1గా (పడమటి యూరప్ భాషల ఎన్‌కోడింగ్) తెరుచుకున్నప్పుడు నెత్తిన గీతున్న చిన్న ఇంగ్లీషు 'ఏ', పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వస్తుంటాయి కదా, కారణం అదే: యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలన్నీ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1తోనే మొదలవుతాయి.

రెండో దశ, మార్పిడి: పూర్తయింది

ఎన్‌కోడింగ్ ఊహించడానికి ఎన్‌కేఎఫ్ అనే ప్రోగ్రాం బాగుంటుంది, చిన్న 'జీ' ఆప్షన్‌తో. కానీ రెండు మూడు పంక్తుల ఫైలు మీద దాని మాట నమ్మకూడదు. మార్పిడికి కూడా దాన్నే వాడితే చిన్న 'ఎక్స్' ఆప్షన్ తప్పక పెట్టాలి. లేకపోతే సగం వెడల్పు కటకానాను చెప్పకుండా పూర్తి వెడల్పుకు మార్చేస్తుంది. మూలపాఠం చెడకూడదంటే మార్పిడికి ఐకాన్వ్ అనే ఆదేశం మేలు.

ఐకాన్వ్‌కు 'షిఫ్ట్-జిస్' అని చెబితే, వృత్తంలో 1 లాంటి అక్షరం (87 40) రాగానే 'చెల్లని వరస' అని ఆగిపోతుంది. అది ప్రమాణంలో లేదు, తయారీదారులు చేర్చుకున్నది. 'సీపీ932' (మైక్రోసాఫ్ట్ విస్తరించిన షిఫ్ట్-జిస్) అని చెబితే దాటిపోతుంది. అయితే అల గీత (81 60) దగ్గర జాగ్రత్త: షిఫ్ట్-జిస్ పట్టిక దాన్ని యూ+301సీ చేస్తుంది, సీపీ932 పట్టిక యూ+ఎఫ్ఎఫ్5ఈ చేస్తుంది. కంటికి రెండూ ఒకటే, వెతికే ఆదేశం గ్రెప్‌కు వేరు. ఒక పేరుతో మార్చి మరో పేరుతో వెనక్కి తిప్పబోతే మార్పిడి అక్కడే తెగిపోవచ్చు. ఫైళ్లన్నిటికీ ఒకే పేరు వాడాలి.

వెతకడం, సెడ్ (పాఠాన్ని దిద్దే ఆదేశం) నడపడం అన్నీ మార్చాకే. షిఫ్ట్-జిస్‌లో కటకానా 'సో' 83 5సీ, 'పో' 83 7సీ. ఆ రెండో బైట్లు బ్యాక్‌స్లాష్, నిలువు గీత. బైట్ల లెక్కన పనిచేసే స్క్రిప్టు అక్షరాన్ని మధ్యలో కోసేస్తుంది.

విమ్ ఎడిటర్‌లో ఫైల్‌ఎన్‌కోడింగ్స్ (ఫైలు తెరిచేటప్పుడు ఒక్కొక్కటిగా ప్రయత్నించే ఎన్‌కోడింగ్‌లు) వరస: ఐఎస్‌ఓ-2022-జేపీ, యూటీఎఫ్-8, ఈయూసీ-జేపీ, సీపీ932. మొదటిది 7 బిట్లదే, దాని బైట్లు యూటీఎఫ్-8గానూ చెల్లుతాయి కాబట్టి యూటీఎఫ్-8 ముందుంటే దాని వంతు ఎప్పటికీ రాదు. దీనికో మూల్యం ఉంది: ఉత్త ఆస్కీ ఫైలు (ఇంగ్లీషు అక్షరాలే ఉన్నది) కూడా ఐఎస్‌ఓ-2022-జేపీగా తెరుచుకుంటుంది, అందులో తెలుగు రాసి సేవ్ చేయబోతే మార్పిడి ఎర్రర్ వస్తుంది.

మూడో దశ, వెడల్పు: రాజీ

ఈ పాఠాల్లో షిఫ్ట్-జిస్ ప్రమాణంలో లేని అక్షరాల చోట కొమెజిరుషి అనే గుర్తు, దాని వెంట బ్రాకెట్లలో వివరణ ఉంటాయి. ఈ గుర్తు వెడల్పు యూనికోడ్‌లో 'అస్పష్టం': ఒక గడి కావచ్చు, రెండు కావచ్చు. టెర్మినల్ రెండు అనుకుని, టీమక్స్ (టెర్మినల్‌ను పలు కిటికీలుగా పంచే ప్రోగ్రాం) ఒకటి అనుకుంటే కర్సర్ గడి పక్కకు జరిగి, చెరిపిన అక్షరాల తోకలు తెర మీద మిగులుతాయి. గ్లిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) ఒకటే అంటుంది. కాబట్టి గ్నోమ్ టెర్మినల్ ప్రొఫైల్లో ఇరుకు, విమ్‌లో యాంబివిడ్త్ సెట్టింగు సింగిల్, అన్నిచోట్లా ఒకటే ఉంచాలి. గుర్తు కాస్త పక్క అక్షరం మీదికి ఒరుగుతుంది, పంక్తులు మాత్రం చెదరవు.

మిగిలింది

ఆ వివరణల్లోని సంఖ్యలను నిజమైన కంజీలుగా మార్చడం. 1-84-77 అని ఉందనుకుందాం: మొదటిది ప్లేన్ (అక్షరాల పట్టిక నంబరు). మిగతా రెండింటికీ 160 కలిపితే 244, 237, అంటే ఎఫ్4 ఈడీ. ఈ రెండు బైట్లను పైథాన్‌లో ఈయూసీ-జిస్-2004గా డీకోడ్ చేస్తే అక్షరం వస్తుంది. రెండో ప్లేన్ అయితే ముందు 8ఎఫ్ చేర్చాలి. సంఖ్య లేకుండా వర్ణన మాత్రమే ఉన్నవాటిని ముట్టుకోకుండా అలాగే వదిలేయాలి.