క్రిమినల్ కోర్టుల పరిధి: జేసీజే మెయిన్స్‌కి నేను చదివిన తీరు

జేసీజేకి (జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి) చదివే చాలామంది కోర్టుల పరిధి అనగానే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్లు 197 నుంచి 209 వరకు బట్టీ పట్టేసి ఆ చాప్టర్ అయిపోయిందనుకుంటారు. నంబర్లు తేలికే, ఈ చాప్టర్‌లో పాత సీఆర్‌పీసీ నంబరుకి 20 కలిపితే కొత్తది వచ్చేస్తుంది, 177 కాస్తా 197, 183 కాస్తా 203. మెయిన్స్‌లో చిక్కు పెట్టేది నంబర్లు కాదు, కథ ఇచ్చి ఏ కోర్టుకి అధికారం ఉందని అడిగే ప్రశ్నలు.

నేను ఒక రైలు కథ పెట్టుకుని చదివాను. సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఆమె బ్యాగు దారిలో ఎవరో కొట్టేశారు, రాజమండ్రి వచ్చాక చూసుకుంది. 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌కి వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, అదే జీరో ఎఫ్‌ఐఆర్. అయితే కేసు కట్టిన ఊళ్లోనే విచారణ జరగాలనేమీ లేదు, 203 ప్రకారం ఆ ప్రయాణంలో ఆమె గానీ బ్యాగు గానీ ఏ కోర్టు పరిధిలోంచి వెళ్తే ఆ కోర్టు విచారించొచ్చు, అంటే వరంగల్, ఖమ్మం, విజయవాడ ఏదైనా సరే.

ఇక ఏ స్థాయి కోర్టు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దయచేసి ఈ రెంటినీ కలపొద్దు. దీనికి ఏ నేరాన్ని ఏ కోర్టు విచారించాలో చెప్పే పట్టిక, బీఎన్‌ఎస్‌ఎస్ ఫస్ట్ షెడ్యూలే దిక్కు. నేను చివరి గడిని అట్టముక్కతో మూసి, నేరం చూసి కోర్టు పేరు చెప్పి, అప్పుడు అట్ట జరిపి సరిచూసుకునేదాన్ని. అలా చదువుతుంటేనే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 318(4), అంటే మోసానికి మన పాత ఐపీసీ 420, దగ్గర ఆగిపోతాం. శిక్ష ఏడేళ్ల దాకా ఉంది, విచారించేదేమో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్, ఆయన వేయగలిగింది మూడేళ్లే! అంతకు మించి వేయాలనిపిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 364 కింద (పాత 325) తన అభిప్రాయం రాసి సీజేఎంకి (చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కి) పంపాలి, సీజేఎం ఏడేళ్ల వరకు వేయొచ్చు. విచారించే అధికారం వేరు, శిక్ష వేసే అధికారం వేరు అని ఈ ఒక్క సెక్షన్‌తో తేటతెల్లమవుతుంది.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, పొరపాటు జరిగితే ఫలితాలు కూడా వేరు. చోటు తప్పితే 508 (పాత 462) కాపాడుతుంది, న్యాయం దెబ్బతింటే తప్ప తీర్పు కొట్టేయరు. అధికారం లేని మేజిస్ట్రేట్ నిందితుణ్ని విచారిస్తే మాత్రం 507 (పాత 461) ప్రకారం ఆ విచారణ మొత్తం చెల్లదు. జవాబులో ఈ తేడా తప్పకుండా రాయండి.

కేసుల్లో రూపాలీ దేవి (2019) వదలొద్దు. అత్తింటి వేధింపులు తట్టుకోలేక వచ్చేసిన భార్య ఎక్కడ తలదాచుకుంటే అక్కడి కోర్టులోనూ 498ఏ (పాత ఐపీసీలో భార్యపై క్రూరత్వం) కేసు నడుస్తుందని సుప్రీంకోర్టు అందులో చెప్పింది, అక్కడికి వచ్చాక కూడా ఆమెను వెంటాడే మానసిక వేదనను ఆ క్రూరత్వపు పర్యవసానంగానే చూసింది. నాకు ఈ చాప్టర్ మీద ఇష్టం పుట్టింది ఆ తీర్పు చదివాకే.

పాత గైడ్లు వాడేవాళ్లు మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అన్న చోటల్లా కొట్టేయండి, బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఆ కోర్టు లేదు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ జరిమానా పరిమితిని కూడా 10,000 నుంచి 50,000కి దిద్దుకోండి.