ఆదివారం, ఇస్త్రీ బట్టలు, షీలా చంద్ర

వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేసుకోవడం నా ఆదివారం మధ్యాహ్నం పని. చెవిలో పాటలు లేకపోతే ఆ గుట్ట కరగదు. ఇవాళ ఎనభైల నాటి ఇంగ్లండ్ పాప్ పెట్టుకున్నాను.

ముందు ట్రేసీ ఉల్మన్ పాడిన ‘దే డోంట్ నో’ వచ్చింది. 1983లో బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్ళిన పాట. దాన్ని రాసిందీ, 1979లో మొదట పాడిందీ కర్స్టీ మకాల్. అప్పట్లో పంపిణీ వాళ్ళ సమ్మె వల్ల ఆమె రికార్డు షాపులకే సరిగా చేరలేదు. ఉల్మన్ పాట మధ్యలో పైస్థాయిలో ‘బేబీ’ అని ఒక కేక వస్తుంది చూడండి, అది కూడా కర్స్టీ గొంతే! ఆ స్థాయి ఉల్మన్‌కి అందలేదట. మన సినిమా పాటల్లో కోరస్ పాడిన అమ్మాయిల పేర్లు మాత్రం ఎంతమందికి తెలుసు?

ఆ తర్వాత షీలా చంద్ర. లండన్‌లో పుట్టిన దక్షిణ భారత కుటుంబపు పిల్ల. మాన్సూన్ అనే బ్యాండులో సితార్, తబలా కలిపిన పాప్ పాడేది. 1982లో ‘ఎవర్ సో లోన్లీ’ 12వ స్థానానికి చేరినప్పుడు ఆమెకి 17 ఏళ్ళు. చీర కట్టుకుని బ్రిటిష్ టీవీలో పాడింది. రికార్డు కంపెనీతో పొసగక ఆ బ్యాండు త్వరగానే విడిపోయింది. ఇంకొకరైతే అలాంటి హిట్ ఇంకోటి కొట్టాలని చూసేవారు. ఈవిడ 1984లో ‘క్వయట్’ అనే ఆల్బమ్ చేసింది. అందులో మాటలే లేవు, ఉత్త గొంతు! 2002లో జకట్టా పేరుతో ఒక డీజే పాత ‘ఎవర్ సో లోన్లీ’నే క్లబ్బులకి తగ్గట్టు మార్చితే అది 8వ స్థానానికి వెళ్ళింది. దానికి గంతులేసిన వాళ్ళలో సగం మందికి ఆ గొంతు ఎవరిదో తెలిసి ఉండదు.

నాకు మాత్రం హిట్టు కన్నా షీలా 1992 ఆల్బమ్‌లోని కొన్నక్కోల్ ఇష్టం. మృదంగం లేదు, ఏమీ లేదు, నోటితో జతులు. మా వాడు హోంవర్కు వదిలేసి వచ్చి ఒక ఇయర్‌ఫోన్ లాక్కున్నాడు. వాడు మృదంగం నేర్చుకుంటున్నాడు కదా, వెంటనే చేత్తో ఆది తాళం మొదలెట్టాడు. కాసేపటికి లెక్క తప్పింది.

“అమ్మా, ఈవిడ తాళం ఎక్కడ వేస్తోంది? మా సార్ వింటే ఊరుకోరు.”

సార్ ఊరుకోరు, నిజమే. కానీ ఇది కచేరీ కాదు కదా. జతులు కాస్తా గొణుగుడుగా, గుసగుసగా, ఎవరితోనో పోట్లాటలాగా మారిపోతుంటే వినడమే సరదా. శాస్త్రం తెలిసినవాళ్ళు ముఖం చిట్లించినా నాకు టెన్షన్ లేదు. మా వాడు కూడా లెక్క మానేసి మళ్ళీ పెట్టమన్నాడు.

ఆమె ఇప్పుడు పాడటం లేదు. బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అనే జబ్బు వచ్చి పాడితే నొప్పి, మాట్లాడినా నొప్పి. 2010లో ఇల్లు సర్దుకోవడం గురించి పుస్తకం రాసింది. అందులో ఆమె చెప్పేది టూత్‌బ్రష్ సూత్రం: బ్రష్ ఎవరూ పోగొట్టుకోరు, ఎందుకంటే వాడే చోటే ఉంచుతాం, అన్ని వస్తువులూ అలాగే ఉంచండి అని.

ఆవిడ మా ఇంటికి రాలేదు కాబట్టి అలా అంటోంది. మా ఆయన కళ్ళజోడు ఇవాళ ఫ్రిజ్ మీద దొరికింది.