గద్ద ఎత్తుకుపోదు, తన్నుకుపోతుంది

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

ఇదంతా పొద్దున చికెన్ షాపు దగ్గర మొదలైంది. షాపతను పేగులూ తోళ్ళూ ఉన్న డబ్బా బయట పెట్టి లోపలికి వెళ్ళాడు. కరెంటు స్తంభం మీదున్న గద్ద రెక్క కదపకుండా జారుకుంటూ వచ్చి, ఎక్కడా ఆగకుండా, ఒక పేగు ముక్కను కాళ్ళతో అందుకుని పైకి లేచింది. గాల్లోనే కాలు ముందుకు చాపి, తల వంచి తినేసింది కూడా. మా ముందున్న పెద్దాయన కండువా నెత్తిమీద కప్పుకున్నాడు. చిన్నోడు మాత్రం నోరు తెరుచుకుని చూసి, "నాన్నా, అది నోటితో పట్టుకోలేదు" అన్నాడు.

వాడి బాధ నాకు తెలుసు. రెండు నెలలుగా రాత్రిపూట వాడికి ఒక కథ చెబుతున్నాను. చుట్టూ కొండలున్న ఒక లోయ, ఆ కొండల్లో మనుషుల్ని తినే రెక్కల జంతువులు. మొదటి రోజు నోటికొచ్చినట్టు చెప్పేశాను. ఏనుగంత ఒళ్ళు, తాటాకుల్లాంటి రెక్కలు, రంపం పళ్ళు, ముక్కులోంచి పొగ. మనిషిని నోట కరుచుకుని ఎత్తుకుపోతుంది. మూడు రోజులు దుప్పటి ముసుగు తన్ని విన్నాడు. నాలుగో రోజు నుంచి ఆవలింతలు. ఈమధ్య అది ఎప్పుడు వస్తుందో, ఎవరిని ఎత్తుకుపోతుందో వాడే ముందు చెప్పేస్తున్నాడు.

ఇంటికొచ్చి గద్ద సంగతి చెబితే అమ్మ నవ్వింది. "గద్ద ఎక్కడన్నా ఎత్తుకుపోతుందంట్రా? తన్నుకుపోతుంది."

ఈ మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయింది అంటాం. అందులో 'తన్ను' అనే మాట ఉందని నలభై ఏళ్ళొచ్చాక ఈ రోజు వినిపించింది. అంటే పెరట్లో కోళ్ళు పెంచిన వాళ్ళు చూసిందే మాటగా పెట్టారు. గద్ద ఆయుధం కాలు. ముక్కు చీల్చుకు తినడానికే. రాక్షస పక్షి అనగానే మనం మాత్రం నోరు తెరిపించి, పళ్ళు గీసేస్తాం.

మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక పడుకోవాల్సింది, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఇస్త్రీ బట్టలు తెమ్మని చెప్పి మా ఆవిడ రెండుసార్లు గుర్తు చేసింది. తేలేదు.

కథలోంచి ముందు ఏనుగంత ఒళ్ళు పోయింది. లెక్క చాలా చిన్నది. ఒక పక్షిని అన్ని వైపులా పదింతలు పెంచితే రెక్కల వైశాల్యం వందింతలవుతుంది, బరువు మాత్రం వెయ్యింతలవుతుంది. పొద్దున చూసిన గద్ద కిలో కూడా ఉండదు. దాన్ని అలా పెంచుకుంటూ పోతే అది గాల్లోకి లేవదు, కోడిలాగా నేలమీద పరిగెడుతుంది. మరి ఎంతదాకా పెంచొచ్చు? దానికి జవాబు టెక్సస్‌లో 1971లో ఒక విద్యార్థికి దొరికిన ఎముకల్లో ఉంది. క్వెట్జల్‌కోట్లస్. డైనోసార్ల చివరి రోజుల నాటి ఎగిరే జంతువు. రెక్కలు చాపితే ఆ చివర నుంచి ఈ చివరకు 10 మీటర్లకు పైనే, అంటే మా పార్కింగ్‌లో రెండు కార్లు వరసగా పెట్టినా ఇంకా మిగులుతుంది. నిలబడితే జిరాఫీ అంత. అంతా చేసి బరువు 200, 250 కిలోలని అంచనా. ఏనుగు పక్కన దూదిపింజె. ఎముకలు లోపల బోలు.

దీని పేరు ఒకప్పుడు మెక్సికోను ఏలిన ఆజ్‌టెక్‌ల దేవుడి నుంచి తీసుకున్నారు. ఆ దేవుడు ఈకలున్న పాము. మన గరుత్మంతుడికీ పాముకీ తరతరాల వైరం. అక్కడేమో రెండూ ఒకే దేవుడు. ఇది కథకు పనికొచ్చే విషయం కాదు, ఎందుకో నచ్చింది.

నన్ను పట్టుకున్నది మాత్రం క్వెట్జల్‌కోట్లస్ కాదు, దానికంటే ఎంతో చిన్నదైన న్యూజిలాండ్ గద్ద. హాస్ట్ గద్ద అంటారు. 15 కిలోల లోపే. రెక్కలు 3 మీటర్లకు మించవు. కానీ అది వేటాడింది మోవాలను. ఎగరలేని ఆ పక్షుల్లో పెద్దవి 200 కిలోల పైమాటే. ఇది పైనుంచి దిగి కాళ్ళతో ఒక్క తన్ను తన్నేది. పులి గోళ్ళంతేసి గోళ్ళు. మోవాల నడుము ఎముకల్లో ఆ గోళ్ళు దిగిన బెజ్జాలు ఇప్పటికీ కనిపిస్తాయట. అంత బరువును మోసుకెళ్ళడం ఎలాగూ కుదరదు. పడ్డచోటే, దాని పక్కనే కూర్చుని తినేది. సుమారు 600 ఏళ్ళ కిందట, మనుషులు మోవాలను తిని ఖాళీ చేశాక, తిండిలేక అదీ పోయింది. అక్కడి మూలవాసులైన మావోరీల కథల్లో మాత్రం మనుషుల్ని తినే పక్షిగా మిగిలింది. దాని దగ్గరి చుట్టం ఆస్ట్రేలియాలో ఉండే కిలో బరువు గద్ద అని జన్యువులు చూసి తేల్చారు.

పడ్డచోటే కూర్చుని తినడం. ఇది చదివాక నాకు నిజంగా వెన్నులో చలి పుట్టింది. ఎత్తుకుపోతే కనీసం కళ్ళముందు ఉండదు. పొలం మధ్యలో తొందరేమీ లేకుండా కూర్చుని తింటుంటే ఊరంతా తలుపులు వేసుకుని చూడాలి. ఏనుగంత ఒళ్ళూ పొగా అన్నీ తీసేశాను. ఇప్పుడు నా కథలో జంతువు 40 కిలోల గద్ద. ఎగరాలంటే కొండ అంచు కావాలి, లేదా ఎదురుగాలి కావాలి. తిని పొట్ట నిండితే చాలాసేపు లేవలేదు. ఇంకో సంగతి, గద్దల్లో ఆడదే పెద్దది. కాబట్టి నా కథలో రాక్షసుడు లేడు, రాక్షసే.

అమ్మ గండభేరుండం పెట్టమంది. చిన్నప్పుడు తనే చెప్పేది, రాకుమారుడు తోలులో చుట్టుకుని పడుకుంటే ఆ పక్షి మాంసం అనుకుని సముద్రాలు దాటించేస్తుంది. చిన్నోడు ఒప్పుకోలేదు. "రెండు తలలుంటే తిండి దగ్గర కొట్టుకుంటాయి కదా నాయనమ్మా" అన్నాడు. దానికీ ఆవిడ దగ్గర కథ ఉంది, ఒక తల ఒక్కటే తీపి పండు తినేస్తే రెండోది పంతానికి విషం పండు తిన్నదట. రెండు తలలూ పోయాయి. వాడు చాలాసేపు నవ్వాడు.

అసలు దెబ్బ సాయంత్రం వాడే కొట్టాడు. "ఎన్ని ఉన్నాయి నాన్నా కొండల్లో?" వెయ్యి అని ఎప్పుడో చెప్పి ఉన్నాను. "రోజుకు ఒక్కోటి ఎన్ని మేకలు తింటుంది?" ఒకటి అన్నాను. నోట్‌బుక్ వెనక హెచ్చవేశాడు. ఏడాదికి 3,65,000 మేకలు. లోయలో ఉన్నది ఒక ఊరు. "మేకలు అయిపోతాయి, మనుషులు అయిపోతారు, తర్వాత అవీ చచ్చిపోతాయి" అన్నాడు చాలా మామూలుగా, హోంవర్క్ అప్పజెప్పినట్టు. న్యూజిలాండ్ సంగతి వాడికి చెప్పనే లేదు. వెయ్యిని ఆరు జతలు చేశాను. వారానికో మేక.

పేరు తేలిగ్గానే దొరికింది. మా ఊళ్ళో చీకటిపడ్డాక పామును పాము అనరు, 'పురుగు' అంటారు. పేరెత్తితే వస్తుందని భయం. లోయ వాళ్ళకూ ఆ భయం ఉంటుంది కదా. వాళ్ళు దాన్ని 'పైది' అంటారు. "పైది లేచింది, పిల్లల్ని లోపలికి తీసుకురండి." ఈ వాక్యం నేను ఊరికే అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏది లేచింది?" అంది.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. బాల్కనీలో చాప వేసి కథ మొదలుపెట్టాను. ఈసారి దాన్ని చూపించలేదు. మిట్టమధ్యాహ్నం, మేకల కాపరి కుర్రాడు, గడ్డి మీద జారుతూ వస్తున్న ఒక నీడ. అంతే. చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆవలించలేదు.

అప్పుడు అమ్మ కల్పించుకుంది. "నీడ మన కంటబడేలోపు అయిపోతుంది నాయనా. కోడి ముందు కనిపెడుతుంది. పిల్లి వస్తే ఒక అరుపు, పైన గద్ద ఉంటే ఇంకో అరుపు. ఆ రెండో అరుపుకు పిల్లలన్నీ తల్లి రెక్కల కిందికి దూరతాయి. మేం చేటలు పట్టుకుని పరిగెత్తేది ఆ అరుపు వినే."

చిన్నోడు లేచి కూర్చున్నాడు. "అయితే కాపరి ఒక కోడిని తీసుకెళ్ళాలి నాన్నా. గంపలో పెట్టుకుని."

కరెంటు వచ్చింది. వాడు లోపలికి వెళ్తూ వెళ్తూ, కోడికి పేరు రేపటికల్లా కావాలని చెప్పి వెళ్ళాడు. కాపరికి రెండు నెలలుగా పేరే లేదు, ఆ సంగతి వాడికి పట్టలేదు. ఇస్త్రీ బట్టలు ఇంకా షాపులోనే ఉన్నాయి. వాడి యూనిఫాం వాటిలోనే ఉంది.