బ్లేడు తినేది ఎవడిస్తడు?

పదిహేను రోజులుగా రాత్రిపూట స్కెచప్ నేర్చుకుంటున్నా, కంప్యూటర్‌లో వస్తువుల 3డి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. బ్రౌజర్‌లో నడిచే ఉచిత వెర్షనే. ఒక డబ్బా గీసి పుష్-పుల్ అనే టూల్‌తో లాగితే పలక లేచి నిలబడుతుంది. అక్కడిదాకా సంబరమే. ఏ పలకకా పలక గ్రూప్ చేసుకోవాలని, అంటే విడి ముక్కగా ఉంచుకోవాలని తెలియక, అల్మారాలో ఒక అర జరిపితే పక్క పలక కూడా సాగి వంకరపోయింది. మూడు గంటల పని! ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నా.

మా బాపు మిర్యాలగూడలో నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్న మనిషి. "గీసుడుకే ఇంతసేపైతే కోసుడెప్పుడురా?" అని నవ్వుతాడు. ఆయన స్కెచప్ చెవిమీది పెన్సిలే.

నిన్న అంతా సరిచేసి గొప్పగా చూపించా. 2440 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్, నాలుగు అరలు, ఒక్కోటి 610. లెక్క సరిగ్గా సరిపోయింది.

బాపు కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "బ్లేడు తినేది ఎవడిస్తడు? మీ తాత ఇస్తడా?"

నిజమే. ఒక్కో కోతకు 3 మిల్లీమీటర్లు పొట్టు కిందే పోతుంది. మూడు కోతలకు 9. చివరి అర 601 దగ్గరే ఆగేది. స్క్రీన్ మీద పొట్టు రాలదు కదా!

ఇప్పుడు 607కి మార్చి మళ్లీ గీస్తున్నా. బాపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఊరికే చూస్తున్నానంటూ.